లెక్క రాసుకున్న ఇంజనీరు – మోక్షగుండం విశ్వేశ్వరయ్య

ఏటా సెప్టెంబరు 15వ తేదీ వచ్చిందంటే మన ఇంజనీరింగు కళాశాలల్లో ఒక పటం బయటికి వస్తుంది. తలపాగా, కోటు, కాస్త కోపంగా ఉన్నట్టు కనిపించే చూపు. దానికి దండ వేస్తాం. ఒక విశ్రాంత ఇంజనీరు గారిని పిలిచి ఉపన్యాసం ఇప్పిస్తాం. క్విజ్ పెడతాం, వ్యాసరచన పెడతాం, రోజు గడిచిపోతుంది. పటం మళ్లీ బీరువా మీదికి ఎక్కుతుంది. కృష్ణరాజసాగరం కట్టారు, భారతరత్న వచ్చింది, నూరేళ్లు బతికారు – ఈ మూడు ముక్కలు తప్ప ఆయన గురించి మనలో చాలామందికి తెలిసింది తక్కువ. పైగా అది సివిల్ వాళ్ల పండుగ అనుకుని కంప్యూటర్ సైన్సు మిత్రులు వెనక బెంచీల్లో చేరి ఫోన్లు చూసుకోవడం కూడా ఉన్నదే. నా మనవి ఏమంటే, ఈనాడు ఆయన జీవితాన్ని అందరికంటె శ్రద్ధగా చదవవలసింది ఆ వెనక బెంచీల వాళ్లే. ఎందుకో ముందుకు పోతే తెలుస్తుంది.

ముందుగా మన వైపు సంగతి. గుంటూరు పత్తి చేలు, మిరప కల్లాలు దాటి దక్షిణానికి పోతే ఒంగోలు సీమ, అక్కడి నుంచి పడమటికి నల్లమల కొండల అంచున గిద్దలూరు, బేస్తవారిపేట ప్రాంతం. ఆ ప్రాంతంలోని మోక్షగుండం అనే ఊరు ఆయన పూర్వులది. వాళ్లు ఏనాడో మైసూరు సంస్థానానికి తరలిపోయారు. ఊరు విడిచిపెట్టినా ఊరి పేరు ఇంటిపేరై వెంట వెళ్లింది. ఇంట్లో తెలుగు మాటాడే కుటుంబం. విశ్వేశ్వరయ్యగారు బెంగుళూరుకు ఉత్తరాన చిక్కబళ్లాపురం దగ్గర ముద్దెనహళ్లిలో పుట్టారు. పుట్టిన సంవత్సరం 1861గా వాడుకలో ఉంది. తండ్రి శ్రీనివాసశాస్త్రిగారు సంస్కృత పండితులు. ఆస్తి పెద్దగా లేదు. పిల్లవాడు బడిలో ఉండగానే తండ్రి పోయారు.

బెంగుళూరు సెంట్రల్ కాలేజీలో చదువు. మేనమామ ఆదరణ కొంత, ఒక ఇంట్లో పిల్లలకు పాఠాలు చెప్పి సంపాదించుకున్నది కొంత. 1881లో బి.ఏ. పూర్తయింది. మైసూరు ప్రభుత్వం ఇచ్చిన విద్యార్థి వేతనంతో పూనా సైన్సు కాలేజీలో ఇంజనీరింగు చేరి, 1883లో బొంబాయి రాష్ట్రం మొత్తానికి మొదటివాడుగా నెగ్గారు. ఆ ఫలితంతో 1884లో బొంబాయి ప్రభుత్వ పనుల శాఖలో అసిస్టెంటు ఇంజనీరు ఉద్యోగం వచ్చింది. ట్యూషన్లు చెప్పుకుని చదివిన మన పల్లెటూరి పిల్లలకు ఈ భాగం వివరించనక్కరలేదు.

ఉద్యోగంలో మొదటి ఏడాదే ఒక పరీక్ష ఎదురైంది. ఖాందేశ్ జిల్లాలో ధూలియా దగ్గర పంజ్రా నదికి అడ్డంగా ఒక గొట్టపు సైఫన్ వేయాలి. వానాకాలం వచ్చింది. తవ్విన పునాదులు తవ్వినట్టే ఇసుకతో పూడిపోతున్నాయి. వానలు తగ్గిందాకా పని ఆపితే మంచిదని కుర్ర ఇంజనీరు పైఅధికారికి రాశారు. ఆ జవాబులో మందలింపు ధ్వనించింది. చెప్పిన పని చేయకుండా సాకులు వెతకడం క్రమశిక్షణ అనిపించుకోదన్న ధోరణి అది. ఇరవై మూడేళ్ల వయసు. మనలో ఎవరమైనా ఒక వారం అలిగి ఉండేవాళ్లం. ఆయన అలగలేదు, వాదన పెంచలేదు. వానల్లోనే పని మొదలుపెట్టి పూర్తి చేశారు. ఆ పైఅధికారే తరువాత మెచ్చుకున్నారు.

ఈ కథను విధేయతకు ఉదాహరణగా చెబుతుంటారు. నాకు అందులో వేరే విషయం కనిపిస్తుంది. ఆయన మొదటి ఉత్తరం తప్పేమీ కాదు. ఇసుక పూడటం కళ్లతో చూసిన నిజమే. అయితే ఇసుక పూడుతోందని రాయడం వేరు, రోజుకు ఎంత పూడుతోంది, ఎంతమంది కూలీలు ఎంత వేగంతో తీస్తే పూడికను మించి తవ్వగలరు అని లెక్క వేయడం వేరు. ఆ తరువాత ఆయన చేసిన పనులన్నిటిలోనూ ఈ రెండో రకం రాత ఉంటుంది.

సింధు నది ఒడ్డున సుక్కూరు పట్టణానికి మంచినీళ్లు ఇచ్చే పని 1890ల నడుమ ఆయన మీద పడింది. నది నీరు బురద. వడపోత కుండీలకు చాలినంత డబ్బు ఆ మునిసిపాలిటీ దగ్గర లేదు. నదిలోనే బావి తవ్వి, ఇసుక గుండా ఊరి వచ్చే తేట నీటిని పట్టి పైకి పంపించే ఉపాయం చేశారు. 1898లో జపాను వెళ్లి వచ్చారు. చూసినదల్లా రాసుకోవడం ఆయన అలవాటు. బడులు, కర్మాగారాలు, అక్కడివాళ్లు ఎన్ని గంటలు ఎట్లా పని చేస్తారో అన్నీ ఆయనకు పాఠాలే.

పూనా దగ్గర ఖడక్‌వాస్లా జలాశయం కథ ఇంకా ముచ్చటైనది. ఏటా వరదనీరు అలుగు మీదుగా వృథాగా పోతోంది. ఆనకట్ట ఎత్తు పెంచాలంటే బోలెడంత ఖర్చు. అలుగు మీద వాటంతట అవే తెరుచుకుని మూసుకునే తలుపులు బిగిస్తే కట్ట జోలికి పోకుండానే సుమారు 8 అడుగుల నీరు అదనంగా నిలుస్తుందని ఆయన లెక్క కట్టారు. నీటిమట్టం హద్దు దాటితే తలుపు తెరుచుకుంటుంది, తగ్గితే మూసుకుంటుంది. మనిషి నిద్రపోయినా తలుపు నిద్రపోదు. 1903 నాటికి అది పనిలోకి వచ్చింది. కంప్యూటర్ మిత్రులకు ఇది పరిచయమైన సంగతే: ఒక షరతు, ఆ షరతు నెరవేరితే జరగవలసిన పని. కాకపోతే ఆయన ప్రోగ్రాము ఇనుముతో రాసినది.

దక్కను కాలువల కింద బ్లాకు పద్ధతి కూడా ఆ రోజులదే. కాలువ తల దగ్గరి రైతులు చెరకు వేసి నీళ్లన్నీ వాడేస్తుంటే చివరి ఊళ్లు ఎండిపోయేవి. మన కృష్ణా కాలువల కింద శివారు రైతులకు ఈ బాధ ఏమిటో నేను చెప్పాలా? ఆయకట్టును భాగాలుగా విడదీసి, పంటలు మార్చుతూ, వంతుల వారీగా ఎక్కువ ఊళ్లకు నీరు అందేట్టు ఏర్పాటు చేశారు. రైతులు మొదట ఒప్పుకోలేదు. వాళ్ల దగ్గరికి వెళ్లి కూర్చుని లెక్కలు చూపించి ఒప్పించవలసి వచ్చింది.

ఇక్కడ కొంచెం పక్కదారి పట్టి ఇంకొకరి గురించి చెప్పాలి. అమెరికాలో వాట్స్ హంఫ్రీ అనే ఆయన 1927లో పుట్టి ఐ.బి.ఎం.లో 27 ఏళ్లు పని చేశారు. వేలమంది ప్రోగ్రామర్ల మీద అజమాయిషీ. 1986లో ఆ ఉద్యోగం వదిలి పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయపు సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. హైదరాబాదు, బెంగుళూరు కంపెనీలు 1990ల చివర లెవెల్ ఫైవ్ వచ్చిందని గొప్పగా బోర్డులు పెట్టుకున్నాయే, ఆ కేపబిలిటీ మెచ్యూరిటీ మోడల్‌కు పునాది వేసింది ఆయన బృందమే. ఆ కొలతలన్నీ కంపెనీలకు. ఒక్క మనిషి, తన బల్ల దగ్గర, తన పనికి ఇవి వర్తించుకోగలడా అన్న ప్రశ్న ఆయనకు తరువాత వచ్చింది. దానికి జవాబు కనుక్కోవడానికి కమిటీ వేయలేదు. తనే కూర్చుని అరవై పైచిలుకు చిన్న ప్రోగ్రాములు రాసి, ప్రతిదానికీ పట్టిన కాలం, దొర్లిన తప్పులు నమోదు చేసుకున్నారు. అందులోంచి వచ్చినదే 1995లో పుస్తకంగా వెలువడిన పర్సనల్ సాఫ్ట్‌వేర్ ప్రాసెస్. 2000లో చెన్నైలో ఆయన పేరిట ఒక సంస్థ కూడా పెట్టారు. ఆయన 2010లో కన్నుమూశారు.

ఆ శిక్షణలో జరిగేది వింటే చాలా సాదాగా ఉంటుంది. విద్యార్థి వరసగా కొన్ని ప్రోగ్రాములు రాస్తాడు. మొదలుపెట్టక ముందే అది ఎన్ని పంక్తులు అవుతుందో, ఎంతసేపు పడుతుందో అంచనా రాయాలి. పని మొదలుపెట్టిన నిమిషం, ఆపిన నిమిషం రాయాలి. మధ్యలో ఫోను మోగినా, స్నేహితుడు టీకి పిలిచినా ఆ నిమిషాలు వేరే గడిలో పడతాయి. దొరికిన ప్రతి తప్పుకు ఒక వరస: ఏ రకం తప్పు, ఏ దశలో దూరింది, ఏ దశలో దొరికింది, సరిచేయడానికి ఎన్ని నిమిషాలు పట్టింది. అయిదారు ప్రోగ్రాములు అయ్యేసరికి ఎవరి రోగం వాళ్లకు తెలుస్తుంది. ఒకడికి లూపు చివర ఒకటి ఎక్కువో తక్కువో అవుతుంది, ఇంకొకడు విలువ ఇవ్వని చరరాశిని వాడేస్తుంటాడు. తన తప్పుల పట్టీ నుంచి తనే ఒక సరిచూపు జాబితా తయారు చేసుకుని, కంపైల్ చేయకముందే కోడును దానితో చదువుకుంటాడు. అనుభవం ఉన్నవాడు సైతం వెయ్యి పంక్తులకు సుమారు 100 తప్పులు పెడతాడని హంఫ్రీ లెక్క. చదివి పట్టుకుంటే నిమిషాల్లో పోయే తప్పు, పరీక్షల దాకా పోతే గంటలు తింటుంది. కంపైలర్ చూసుకుంటుందిలే అన్న మన ధీమాకు ఆ అంకెలు పెద్ద దెబ్బ.

ఈ రెండు జీవితాలను పక్కపక్కన పెట్టినప్పుడు నాకు జ్ఞాపకం వచ్చేది మూసీ నది. 1908 సెప్టెంబరు 28న హైదరాబాదును ముంచిన వరదలో వేలమంది చనిపోయారు. ఆ ఏడాదే విశ్వేశ్వరయ్యగారు బొంబాయి కొలువు విడిచి విదేశాలు తిరుగుతున్నారు. నిజాం ప్రభుత్వం పిలిపించగా 1909లో వచ్చారు. ఊరంతా దైవకోపం అనుకుంటున్న రోజులవి. ఆయన మొదట అడిగింది వాన లెక్కలు. శంషాబాదులో 24 గంటల్లో 12.8 అంగుళాలు. ఎగువన ఎన్ని చెరువులు ఉన్నాయి? 788. వాటిలో ఎన్ని తెగాయి? 221. నగరం దగ్గర నదిలో పారిన నీరు ఎంత? వరద ఎక్కిన గుర్తులను బట్టి, నది వాలును బట్టి ఆయన కట్టిన అంచనా సెకనుకు 4,25,000 ఘనపుటడుగులు. ఒక చెరువు తెగి దిగువ చెరువును తెంపి, అది ఇంకొకదాన్ని తెంపి, వాన నీటికి ఈ నీరు తోడై వచ్చిందన్న సంగతి అట్లా తేలింది. ఇప్పటి మాటలో చెప్పాలంటే, తప్పు ఎక్కడ దొరికిందని కాక ఎక్కడ దూరిందని వెతికారు. దొరికింది నగరంలో, దూరింది ఎగువ చెరువు కట్టల్లో. అందుకే మందు కూడా ఎగువనే సూచించారు. మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి, వరదను ఆపి పట్టే రెండు జలాశయాలు. ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. నగరానికి దశాబ్దాల పాటు తాగునీరు ఇచ్చినవి కూడా అవే.

4,25,000 అంటే ఎంతో తాడేపల్లి వాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో మన ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు పారిన రాత్రి సీతానగరం వైపు ఎవరూ నిద్రపోలేదు. అది నాలుగు రాష్ట్రాల నీరు మోసుకొచ్చే కృష్ణమ్మ. దానిలో మూడో వంతును మించిన వరద, వేసవిలో నడిచి దాటగలిగే మూసీలో వచ్చిందంటే ఊహించుకోండి. ఆ రాత్రి బ్యారేజీ మీద గంటగంటకూ మట్టం చూసి పుస్తకంలో రాసిన ఉద్యోగులు ఉన్నారు. దిగువ లంకల వాళ్లను ఎప్పుడు కదిలించాలన్నది ఆ రాతల మీద ఆధారపడింది. ఆ పుస్తకంలో ఎవరైనా పక్కవాడి అంకె చూసి ఎక్కించి ఉంటే?

ఇక్కడే మన సంగతి కొంచెం మాటాడుకోవాలి, కోపగించుకోకండి. మన ల్యాబు రికార్డులు ఎట్లా తయారవుతాయో రాసేవాళ్లకు, దిద్దేవాళ్లకు ఇద్దరికీ తెలుసు. సీనియర్ల రికార్డు ఒకటి హాస్టల్లో చేతులు మారుతుంది. రీడింగులు ముందే ఉంటాయి, గ్రాఫు ముందే నున్నగా ఉంటుంది, ప్రయోగం మాత్రం ఆ తరువాత జరుగుతుంది, లేదా జరగదు. ఎర్రర్ వచ్చిన ప్రోగ్రాము ఏ రికార్డులోనూ కనిపించదు. మొదటిసారికే అన్నీ సరిగా నడిచినట్టు నాలుగేళ్లు రాసి, కంపెనీలో చేరిన తరువాత పని ఎన్ని రోజుల్లో అవుతుందని అడిగితే గాలిలో ఒక అంకె చెబుతాం. విద్యార్థులు సోమరులు అని లెక్చరర్లు అంటారు. నాకు అట్లా తోచదు. రికార్డుకు మార్కులు ఉన్నాయి. తప్పు రాస్తే మార్కు పోతుంది. అటువంటప్పుడు నిజం రాసేవాడు వెర్రివాడే.

హంఫ్రీ ఈ చిక్కును బాగా ఎరిగిన మనిషి. ఇంజనీరు రాసుకున్న తప్పుల పట్టీ అతని సొంతం, దాన్ని పైఅధికారి జీతం పెంచడానికో తగ్గించడానికో వాడకూడదని ఆయన గట్టిగా పట్టుబట్టేవారు. వాడిన మరునాటి నుంచి అంకెలు అబద్ధాలవుతాయి. అంత చేసినా ఆ పద్ధతి లోకమంతా పాకలేదు. నిమిషాలు రాసుకోవడం విసుగు. క్లాసులో నేర్చుకున్నవాళ్లు కూడా ఆఫీసుకు పోయాక మానేయడం మామూలు. తన తప్పును తానే కాగితం మీద పెట్టడానికి కావలసిన ఓపిక అందరికీ ఉండదు.

విశ్వేశ్వరయ్యగారికి ఆ ఓపిక ఉంది. కాని ఎదుటివాళ్లకు కూడా అంతే ఉంటుందని ఆయన అనుకున్నట్టు తోస్తుంది. 1909 చివర మైసూరు చీఫ్ ఇంజనీరుగా వెళ్లారు, 1911లో కావేరి మీద కృష్ణరాజసాగరం పని మొదలైంది, 1912లో దివాను అయ్యారు. ఆ ఆరేళ్లలో మైసూరు బ్యాంకు, 1916లో విశ్వవిద్యాలయం, 1917లో బెంగుళూరులో ఇంజనీరింగు కళాశాల. కచేరీల్లో పని ఎట్లా సాగుతోందో పద్ధతి ప్రకారం తనిఖీ చేసే ఏర్పాటు కూడా పెట్టారు. పై నుంచి వచ్చే తనిఖీకి, మనిషి తనంతట తాను రాసుకునే లెక్కకు తేడా ఉంది. గుమాస్తాలు ఆయన పేరు చెబితే హడలిపోయేవారట. హడలు ఉన్నచోట ఫైలు చక్కగా ఉంటుంది, అందులోని సంగతి ఎంత చక్కగా ఉంటుందో చెప్పలేం.

ఇంకొక విషయం దాచకుండా చెప్పాలి. ప్రభుత్వ కొలువుల్లో వెనకబడిన వర్గాలకు చోటు కల్పించే విషయం పరిశీలించడానికి మైసూరు మహారాజు 1918లో మిల్లర్ కమిటీని వేశారు. ప్రతిభ ఒక్కటే కొలమానం కావాలన్నది దివానుగారి పట్టు. ఆ అభిప్రాయభేదంతోనే ఆ ఏడాది చివర పదవి విడిచిపెట్టారు. నమ్మినదాని కోసం పదవి వదులుకోవడం చిన్న విషయం కాదు. అయినా ఈ ఒక్క చోట ఆయన లెక్కలో ఒక గడి ఖాళీగా ఉండిపోయిందని నా అభిప్రాయం. పరీక్ష హాలు దాకా వచ్చినవాళ్లను కొలిచారు; బడి గడప దగ్గరే ఆగిపోయినవాళ్లు ఆ కొలతలోకి రాలేదు. మూసీ వరదకు కారణం ఎగువ చెరువుల్లో వెతికిన మనిషి ఇక్కడ కూడా ఎగువకు పోయి చూసి ఉంటే బాగుండేది.

పదవి పోయిన తరువాత ఆయనకు ఇంకా నలభై ఏళ్ల పైబడిన ఆయుర్దాయం ఉంది. 1920లో, 1934లో దేశ పునర్నిర్మాణం గురించి, ప్రణాళికాబద్ధ ఆర్థిక వ్యవస్థ గురించి పుస్తకాలు రాశారు. ప్రణాళికా సంఘం 1950లో వచ్చింది, అంటే దానికి 16 ఏళ్ల ముందే అన్నమాట. 1923లో మొదలై నష్టాల్లో నడుస్తున్న భద్రావతి ఇనుప కర్మాగారాన్ని 1929 దాకా అధ్యక్షుడుగా ఉండి ఒక దారిలో పెట్టారు. ఆ పనికి తనకు రావలసిన సొమ్మును చేతి పనులు నేర్పే బడికి ఇమ్మన్నారని చెబుతారు. 1943లో బెంగుళూరులో వెలసిన ఆ వృత్తి విద్యాలయానికి మహారాజు జయచామరాజేంద్ర పేరు పెట్టారు. పెద్ద డిగ్రీలు లేని ఫిట్టర్లు, డ్రాఫ్ట్స్‌మన్లు, మెకానిక్కులు అక్కడ తయారయ్యారు. దివానుగా కట్టిన కళాశాల కంటె ఈ బడే నాకు ఎక్కువ నచ్చుతుంది.

1951లో, తొంభై ఏళ్ల వయసులో, తన ఉద్యోగ జీవితాన్ని పుస్తకంగా రాశారు. కుటుంబం గురించి, సుఖదుఃఖాల గురించి అందులో వెతికితే నిరాశే. ఏ సంవత్సరంలో ఏ పని, ఎంత ఖర్చు, ఏ అడ్డంకి, ఏం చేశాను – అంతే. మొదట చదివినప్పుడు రికార్డు పుస్తకంలా ఉందని విసుగు పుడుతుంది. తరువాత ఆలోచిస్తే ఆ రికార్డే ఆయన ఆత్మకథ అనిపిస్తుంది. ధూలియా సైఫన్ దగ్గర తిన్న మందలింపు కూడా అందులో ఉంది. 67 ఏళ్ల తరువాత, మైసూరు దివాను, సర్ బిరుదాంకితుడు అయిన మనిషికి దాన్ని దాచుకోవాలని అనిపించలేదు. గంగానది మీద మొకామా దగ్గర వంతెన ఎక్కడ కట్టాలో తేల్చే పని కూడా తొంభై దాటిన తరువాతే చేశారు. 1955లో భారతరత్న వచ్చింది. 1962 ఏప్రిల్‌లో బెంగుళూరులో కన్నుమూశారు.

ఆయన సమాధి ముద్దెనహళ్లిలో ఉంది. పక్కనే స్మారక ప్రదర్శనశాలలో కృష్ణరాజసాగరం నమూనా, బిరుదులు, ఆయన వాడిన కళ్లద్దాలు, కప్పులు, విజిటింగ్ కార్డులు అచ్చు వేయడానికి వాడిన దిమ్మలు పెట్టారు. హిందూపురం మీదుగా బెంగుళూరు వెళ్లే మిత్రులు ఒక పూట కేటాయిస్తే చూసి రావచ్చు.